ఆగ్రా కోటలో దాహం

జూన్ నెలలో ఆగ్రా వెళ్ళొద్దని అందరూ చెబుతారు. కానీ అమెరికాలో పిల్లలకు సెలవులిచ్చేది అప్పుడే కదా! అందుకని క్రిందటి వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు మా నాన్నగారిని, మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఆగ్రా కోట చూడటానికి బయలుదేరాను. ఉదయం పదిన్నరకే ఎండ నిప్పులు చెరుగుతోంది. అమర్‌సింగ్ దర్వాజా దాటి రాతి బాట ఎక్కేసరికి పైనుంచి ఎండ, కింద నుంచి సెగ. మావాడు ఒక సీసా నీళ్ళు అప్పుడే ఖాళీ చేసేశాడు.

పూర్వం ఇక్కడ బాదల్‌గఢ్ అనే ఇటుకల కోట ఉండేది. 1526లో పానిపట్టు యుద్ధం తర్వాత అది బాబరు చేతికి వచ్చింది. ఆయన మనవడు అక్బరు 1565లో ఆ పాత కోట స్థానంలో ఎర్ర ఇసుకరాతితో కొత్త కోట మొదలుపెట్టి, ఎనిమిదేళ్ళలో పూర్తి చేయించాడు. చుట్టుకొలత సుమారు రెండున్నర కిలోమీటర్లు, గోడల ఎత్తు సుమారు 70 అడుగులు. తర్వాత షాజహాను లోపలి కట్టడాలు కొన్ని తీయించి పాలరాతితో ఖాస్ మహల్, ముసమ్మన్ బుర్జు వంటివి కట్టించాడు.

ఈ ఎండల్లో వాళ్ళు ఎలా బతికారా అని చూస్తే ప్రతి మూలా ఒక ఉపాయం కనిపిస్తుంది. జహంగీరీ మహల్ ముందు ఒకే రాతిలో తొలిచిన పెద్ద స్నానపు తొట్టి ఉంది. మెట్లు వేసుకుని దిగేంత లోతు! ఖాస్ మహల్ కింద వేసవిలో తలదాచుకోవడానికి నేలమాళిగలు ఉన్నాయి. ఎదుట అంగూరీ బాగ్, అందులో నీటి తొట్టి. అవతలి వైపు నది మీది గాలి.

గైడు మమ్మల్ని ముసమ్మన్ బుర్జు దగ్గర నిలబెట్టి, షాజహాను ఎనిమిదేళ్ళు ఖైదులో ఉండి, తాజ్‌మహల్‌ను చూస్తూ కన్నుమూశాడని చెప్పాడు. ఈ కథ మనందరికీ తెలిసిందే. కానీ ఆ ఖైదుకు ముందు జరిగిన మూడు రోజుల కథ ఆయన చెప్పలేదు. నీడలో కూర్చున్నాక మావాడికి నేను చెప్పాను.

1657లో షాజహానుకు జబ్బు చేయగానే కొడుకుల మధ్య సింహాసనం కోసం యుద్ధం మొదలైంది. 1658 వేసవిలో ఆగ్రాకు కొద్ది దూరంలోని సమూగఢ్ దగ్గర ఔరంగజేబు తన అన్న దారా షికోను ఓడించి, కోటను ముట్టడించాడు. అక్బరు కట్టించిన గోడలను బద్దలు కొట్టడం అతని వల్ల కాలేదు. అప్పుడు యమున వైపున్న నీటి ద్వారాన్ని పట్టుకుని, కోటలోకి నది నీళ్ళు రాకుండా చేశాడు. అదీ జూన్ నెలే.

"లోపల బావులు లేవా?" అని అడిగాడు మావాడు. ఉన్నాయి, కానీ అవి ఉప్పునీళ్ళు. యమున నీళ్ళకు అలవాటుపడిన చక్రవర్తి ఆ నీళ్ళు తాగాల్సివచ్చింది. నీళ్ళివ్వమని కొడుక్కి జాబు రాసినా ఫలితం లేకపోయింది. మూడు రోజులకే కోట తలుపులు తెరిపించాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటాం. ఎంత పెద్ద వ్యవస్థ కట్టినా, ఆ ఒక్కచోట దెబ్బ తగిలితే మొత్తం కూలుతుంది.

షాజహాను కూడా ఒకప్పుడు తండ్రి జహంగీరు మీద తిరగబడ్డవాడే. జహంగీరూ అక్బరు మీద తిరగబడ్డాడు. అయితే ఈ ఇంట్లో జహనారా అనే కూతురు కూడా ఉంది. 1666లో తండ్రి పోయేదాకా ఆమె ఈ కోటలోనే ఉండి ఆయనకు సేవ చేసింది.

ఇరవైతొమ్మిదేళ్ళ తర్వాత, 1687లో, అదే ఔరంగజేబు మన గోల్కొండను ముట్టడించాడు. నీళ్ళను అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించిన ఏర్పాట్లు, మట్టి గొట్టాలు అక్కడ నేటికీ కనిపిస్తాయి. ఆ కోట సుమారు ఎనిమిది నెలలు నిలిచింది. చివరకు లోపలివాడే లంచం తిని తలుపు తీశాడు. అబుల్ హసన్ తానీషా దౌలతాబాదులో ఖైదీ అయ్యాడు. రెండు కోటలూ ఫిరంగులకు పడలేదు. ఒకటి దాహానికి, ఒకటి ద్రోహానికి పడ్డాయి.

అంతవరకూ మాట్లాడకుండా విన్న నాన్నగారు, "ఒరే, మనూళ్ళో చలివేంద్రం పెట్టేది దారినపోయే పరాయివాళ్ళ కోసం. ఇక్కడ కన్నకొడుకే నీళ్ళు ఆపాడా!" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఏడాదికోసారి వచ్చిపోయే కొడుకుని. వారానికో ఫోను చేసి 'వేళకి తింటున్నారా' అని అడిగేవాడిని. ఔరంగజేబును ఏమని తిట్టను?

మావాడు రెండో సీసా మూత తీసి, తాను తాగకుండా ముందు తాతయ్య చేతికిచ్చాడు.

తిరిగొచ్చే ముందు మా ఊరి బస్టాండు దగ్గర, కొన్నేళ్ళుగా ఆగిపోయిన చలివేంద్రం మళ్ళీ పెట్టించాం. పందిరి ఖర్చు నాది, అజమాయిషీ నాన్నగారిది. ఉన్న వారం రోజులూ పొద్దున్నే కుండలు నింపింది మాత్రం మావాడే.