కణము: వినికిడియు నిలుకడయు

శాస్త్రచరిత్రలో ఒక్కొక్కప్పుడు రెండు త్రోవలు చిరకాలము ఒకదాని నొకటి యెరుగక సాగి, పిదప కలిసికొనును. అట్టి కలయిక నొకదానిని నేడు మనవి చేసెదను. నేను వ్యాకరణ తర్కములు చదివి, బడిలో పాఠములు చెప్పి విరమించినవాడను. సూక్ష్మదర్శినితో పని చేసినవాడను గాను. అయినను ఈ కథలో నాకొక పాత చుట్టము కానవచ్చినది.

మొదటి త్రోవ వినికిడిది. నరము తెగి క్షీణించిన పిమ్మటను కండరము నికోటీనుకు ముడుచుకొనుటయు, క్యురారీ దాని నడ్డగించుటయు కేంబ్రిడ్జిలో లాంగ్లీ చూచెను. కండరకణమునందే మందును గ్రహించు పదార్థ మొకటి కలదని 1905లో ఆయన చెప్పెను. నేడు మన మనెడి రిసెప్టరు ఈ భావమునుండి పుట్టినదే. 1962లో స్టాన్లీ కోహెను చిట్టెలుకల దవుడగ్రంథినుండి తీసిన యొక ప్రోటీనును అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించగా, అవి దాదాపు వారము ముందుగనే కన్నులు తెరచినవి! అది ఈ.జి.యఫ్. అను పెరుగుదల సందేశము. దాని రిసెప్టరు వెలుపల సందేశమును పట్టి, లోపల టైరోసీనులపై ఫాస్ఫేటు ముద్ర వేయునని 1980లో తేలినది.

రెండవ త్రోవ నిలుకడది. చిక్కని ద్రవములో తేలుచున్న మామూలు కణములు పోషణ యున్నను పెరుగవనియు, సన్నని గాజునార దొరికి దాని నంటుకొన్నచో పెరుగుననియు 1968లో మైకేల్ స్టోకరు బృందము చూపినది. వైరసువలన స్వభావము మారిన కణములు మాత్రము పట్టులేకయే పెరిగినవి. ఆ పట్టు దేనిది? వెలుపల ఫైబ్రోనెక్టిను నారలను, లోపల కణపు అస్థిపంజరమును కలిపి పట్టుకొను ప్రోటీనుకు రిచర్డు హైన్సు మొదలగువారు 1986లో ఇంటెగ్రిను అని పేరు పెట్టిరి. మనుష్యులలో ఇవి 24 తెగలు.

సందేశము చెంతనే యున్నను తేలెడి కణ మేల వినదు? ఇచ్చటనే నా చుట్టము. వాక్యార్థము పుట్టుటకు సన్నిధి కావలెనని తార్కికులందురు. ఉదయమున ‘ఆవును’ అనియు, సాయంకాలమున ‘తోలుకొని రమ్ము’ అనియు చెప్పినచో పాలేరు కదలడు. బెథెస్డాలో మియమోటో, యమాడా ప్రభృతులు 1996లో ఫైబ్రోనెక్టిను పూసిన పూసలను కణములకు తాకించిరి. ఇంటెగ్రినులు పూసల చుట్టు గుమిగూడగా, ఈ.జి.యఫ్. రిసెప్టరులును అచ్చటికే చేరినవి. అప్పుడు ఈ.జి.యఫ్. తోడైనచో, పెరుగుదల యాజ్ఞను కేంద్రకమునకు మోయు వరుస, ఒక్కొక్కటి విడిగా రేపినదానికంటె మిక్కిలి బలముగ మేల్కొన్నది. ఇంటెగ్రినుకు తనకై ఎంజైము శక్తి లేదు. ముద్ర వేయగల యితరులను కూర్చుటే దాని పని. తాళముచెవి యుపమానమునకే అలవాటుపడిన మనకు ఈ చేరువ మాట క్రొత్తగా తోచును. 1998లో ట్యూరినువారు ఇంకొక యడుగు వేసిరి: ఈ.జి.యఫ్. లేకున్నను, పట్టు దొరికినంతనే ఆ రిసెప్టరు కొంత మేల్కొనును.

పట్టు విడిన పొరకణములు తమంతట చచ్చునని ఫ్రిష్, ఫ్రాన్సిస్ అనువారు 1994లో చూపి, దానికి ఇల్లు లేమి యను అర్థముగల గ్రీకుమాట పెట్టిరి. క్యాన్సరు కణము ఈ శాసనమును తప్పించుకొని, ఇల్లు విడిచియు బ్రదుకును. కొన్ని ఇంటెగ్రినులను మూసివేయు సిలెంజిటైడు అను మందును మెదడు క్యాన్సరుపై ప్రయోగించిరి. 2014లో వెలువడిన పెద్ద పరీక్షలో రోగుల ఆయువు పెరుగలేదు.