నల్లమందు - జ్ఞాపకము - మరపు

బొగ్గుబావిలో గాయపడి బ్రతికి బయటపడిన వానికి రెండు బాధలు మిగులును. ఒకటి ఒంటిది, రెండవది తలపుది. 2003 జూన్ నెలలో గోదావరిఖని ఏడవ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించినారు. అట్టి దినము తరువాత మరల బావిలోనికి దిగు వానికి జ్ఞాపకమే పెనుబరువు. ఒంటి నొప్పికి వైద్యుడిచ్చు మార్ఫీనునకు ఈ తలపు బాధతో కూడ సంబంధము కలదని పరిశోధకులు గ్రహించుటకు నూటడెబ్బది యేండ్లు పట్టినది. ఆ కథ చాలవరకు ఎలుకల మీదుగా నడచినది.

నల్లమందు మనకు క్రొత్త కాదు. పచ్చి గసగసాల కాయకు గాటు పెట్టగా కారిన పాలు ఎండి నల్లమందగును. ఒకప్పుడు బొంబాయి మిల్లులలో పనిచేయు తల్లులు పసివారికి దీనిని పెట్టి నిద్రపుచ్చి పనికి పోయెడివారు. నిద్ర పట్టించుట, నొప్పి తీర్చుట - లోకమెరిగిన గుణములలో ఇవి రెండు. 1805 ప్రాంతమున జర్మనీలో సెర్టూర్నర్ అను మందుల అంగడి యువకుడు దాని సారమును వేరుచేసినాడు. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరే దానికి పెట్టినాడు.

ఒక మొక్క పాలకు మనిషి మెదడు ఇంతగా లొంగనేల? 1973లో అమెరికాలో పెర్ట్, స్నైడర్ అనువారు మెదడులో ఈ మందు వచ్చి కుదురుకొను తావులున్నవని చూపినారు. అదే యేడు న్యూయార్కులో సైమన్, స్వీడన్‌లో టెరీనియస్ కూడ చూపినారు. తాళమున్నచోట తాళపుచెవి యుండవలెను గదా! 1975లో స్కాట్లండులోని ఆబర్డీన్ నగరమున హ్యూస్, కోస్టర్‌లిట్జ్ పందుల మెదళ్ళనుండి దానిని తీసి ఎన్‌కెఫాలిన్ అన్నారు. అనగా మెదడు తన నల్లమందును తానే చేసికొనుచున్నది.

ఇక జ్ఞాపకము మాట. ఇట్టి పరీక్షలలో సాధారణముగా ఎలుకను వెలుతురున్న గదిలో విడుతురు. ప్రక్కనున్న చీకటి గదిలోనికి పోవుట దాని స్వభావము. అడుగు పెట్టగానే పాదములకు విద్యుత్తు తగులును. మరునాడు అది ప్రవేశించుటకు ఎంత జంకునో చూచి, పాఠము ఎంత నిలిచినదో లెక్కింతురు. 1978లో గాలగర్, కాప్ అనువారు ఎలుకకు ఇట్టి భయపు పాఠము ముగిసిన పిమ్మట, మెదడులో అమిగ్డాల అను బాదంగింజ వంటి భాగమున మందు ఎక్కించినారు. మార్ఫీను జాతి మందు ఎక్కించిన ఎలుకలు పాఠము మరచినవి. ఆ మందును అడ్డగించు నాలోక్సోను ఎక్కించినవి మరింత బాగుగ గుర్తుంచుకొన్నవి.

ఇక్కడి మెలకువ గమనింపదగినది. విద్యుత్తు తగులుట అప్పటికే అయిపోయినది. నొప్పి తెలియకపోవుటచే నేర్వలేదనుటకు వీలులేదు. చెడినది నేర్చినదానిని పదిలపరచు పనియే. కొన్ని గంటలు ఆలస్యముగా ఇచ్చినచో ఈ ఫలము కనబడదని ఇట్టి పరీక్షలు తెలిపినవి. బ్రెజిల్‌లో ఇజ్‌కియెర్డో మరియొక వింత చూపినాడు. మెదడులోనే పుట్టు బీటా-ఎండార్ఫిను ఇయ్యగా మరచిన పాఠము, పరీక్షకు ముందు అదే పదార్థము మరల ఇయ్యగా ఎలుకకు జ్ఞప్తికి వచ్చినది. మరపు అనుకొన్నదంతయు చెరిగిపోవుట కాదన్నమాట.

అయితే ఈ మందు తన జ్ఞాపకమును మాత్రము గట్టిగా నాటుకొనును. మార్ఫీను దొరకిన గదికే ఎలుక మరల మరల పోవును. వ్యసనపు వేరు అక్కడనే యున్నది.

ఎలుక కార్మికుడు కాదు, నిజమే. కాని ఇరాక్‌లో గాయపడిన 696 మంది అమెరికా సైనికుల వివరములు 2010లో వెలువడినవి. తరువాత భయస్మృతుల వ్యాధి పాలైనవారిలో తొలి చికిత్సలో మార్ఫీను పొందినవారు నూటికి 61 మంది. ఆ వ్యాధి రానివారిలో 76 మంది. ఇది పొంతనయే గాని ఋజువు కాదు. భయమంతయు తుడిచివేయుటయు మేలు కాదని నా తలంపు. బావిలో పైకప్పును తట్టి శబ్దము వినుమని కార్మికుని హెచ్చరించునది ఆ భయమే.

మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము తరువాత ఆసుపత్రులకు మార్ఫీను దొరకుట మిక్కిలి కష్టమైనది. 2014లో ఆ చట్టమును సవరించి, వైద్యమునకు అవసరమైన ఇట్టి మందుల అనుమతులను సులభము చేసినారు.