ఎవరిదీ కుక్క?

దీపావళి మర్నాడు చెన్నైలోనో హైదరాబాదులోనో కరెంటు స్తంభాల మీద కొత్త కాగితాలు కనబడతాయి. ‘మా కుక్క తప్పిపోయింది’ అని పెద్ద అక్షరాలు, కింద ఫొటో, మెడపట్టీ రంగు, ఆఖరిసారి కనబడ్డ సందు పేరు, ఫోను నంబరు. టపాసుల మోతకు బెదిరి గేటు దూకిందో, బంధువులెవరో తలుపు తీసినప్పుడు కాళ్ల సందుల్లోంచి జారుకుందో అయి ఉంటుంది. ఆ రాత్రి దాన్ని పిలిచినా లాభం లేదు. ఆ మోతలో పిలుపు వినబడదు.

ఆ టపాసులు ఎక్కడివో తెలిసిందే. దేశంలో కాలే బాణసంచాలో చాలా భాగం శివకాశి సరుకే, శివకాశి ఉన్నది తమిళనాడులోని విరుదునగరం జిల్లాలో. పారిపోయినది రాజపాళయం కుక్కో చిప్పిపారై కుక్కో అయితే దాని పుట్టిల్లు కూడా ఆ జిల్లాయే. నగరానికి కుక్కను ఇచ్చిన జిల్లాయే దాన్ని పరుగెత్తించే మోతనూ పంపుతోందన్నమాట. శివకాశికి అచ్చుపనిలోనూ పెద్ద పేరే. ఆ స్తంభం మీది కాగితం కూడా అక్కడే అచ్చయిందేమోనని ఎవరైనా వేళాకోళమాడితే కాదని వాదించడం కష్టం.

రాజపాళయం, సాత్తూరు, తిరుచ్చులి, పక్క జిల్లాలోని కోవిల్‌పట్టి ఉన్న ఈ ప్రాంతం తెలుగువాళ్లకు పరాయిది కాదు. విజయనగర కాలంలో, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలో ఉత్తరం నుంచి దిగివచ్చిన కుటుంబాలు ఇక్కడి నల్లరేగడిలో పాతుకుపోయాయి. రాజులు, కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇలాంటి తెలుగు ఇంటివాడే. దక్షిణానికి పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాల కథనే ‘గోపల్ల గ్రామం’ అని 1976లో తమిళంలో నవలగా రాశాడు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. రాజపాళయం రాజుల్లోంచి వచ్చిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. కోస్తా, రాయలసీమ అప్పటికింకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి.

ఆ వలసలతోబాటు కుక్కల కథ ఒకటి కూడా ప్రయాణం కట్టింది. హరిహరరాయలు, బుక్కరాయలు తుంగభద్ర ఒడ్డున వేటాడుతుంటే ఒక కుందేలు వెనుదిరిగి జాగిలాలనే తరిమిందనీ, ఆ నేలకు అంత పౌరుషముందని తెలిసి అక్కడే విజయనగరం కట్టారనీ తెలుగు పిల్లలు కూడా చెప్పే కథ. కోవిల్‌పట్టికి ఆగ్నేయాన పాంచాలంకురిచ్చిలోనూ ఇదే కథ వినబడుతుంది. వీరపాండ్య కట్టబొమ్మన పూర్వీకులు వేటకు వెళ్లారు, ఒక కుందేలు వేటకుక్కలకు ఎదురుతిరిగింది, అక్కడే కోట లేచింది. కట్టబొమ్మన తెలుగు మూలాల పాలెగాడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయులు అతణ్ని ఉరితీశారు. రెండు కథల్లోనూ కుందేలుకు కీర్తి దక్కింది, రాజుకు కోట దక్కింది. తోక ముడిచి అడవిలో చెదిరిపోయిన ఆ కుక్కలు ఇంటికి ఎలా చేరాయో ఏ కథకుడూ చెప్పలేదు.

నిజానికి వాటిని వెతికే పని పడి ఉండదు. ఊళ్లో ఒక వేటకుక్క ఎవరిదో అందరికీ తెలుసు. చిప్పిపారై అన్నది ఒక ఊరి పేరే. రాజపాళయం కూడా ఊరి పేరే. చిప్పిపారై, కన్ని జాతుల్ని చూస్తే ఎందుకోసం పెంచారో చెప్పకుండానే తెలుస్తుంది. పొడుగు కాళ్లు, లోతైన రొమ్ము, పిడికిట్లో ఇమిడేంత సన్నని నడుము, వాసనకన్నా చూపు మీద ఆధారపడే కోలముఖం. మెట్టచేలలో కుందేలు లేచిందంటే దాన్ని కంటితో పట్టి, కాళ్లతో అందుకోవడం వీటి పని. కన్ని పిల్లల్ని అమ్మేవారు కాదనీ, పెళ్లయి వెళ్లే ఆడపిల్లతో సారెలా పంపేవారనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. సంతలో కొన్న కుక్క కాదది, చుట్టరికంతో వచ్చిన కుక్క. పొరుగూరి పొలంలో దొరికినా అది ఏ ఇంటిదో, ఏ ఇంటినుంచి అక్కడికి వచ్చిందో చెప్పగలిగేవాళ్లు పదిమంది ఉంటారు.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. కుందేలు వేట నేరమైంది. అది మంచి చట్టమే. కానీ కుందేలు వెంట పడడమే బతుకుగా పుట్టిన కుక్కకు అప్పటినుంచి చెప్పుకోదగ్గ ఉద్యోగం లేదు. చేను పోయి ఇంటి కాపలా మిగిలింది, ఆ తర్వాత నగరంలో అపార్టుమెంటు మిగిలింది. కదిలేదేది కనబడినా దాని వెంట దూసుకుపోవడం మాత్రం ఒంట్లోంచి పోలేదు. చెన్నైలో చిప్పిపారై కుక్క చేతిలోని పలుపు విదిలించుకుందంటే, అది పిల్లిని చూసిందో స్కూటరును చూసిందో యజమాని తేల్చుకునేలోపే మూడు సందులు దాటిపోతుంది. ఆగి చూసేసరికి తెలిసిన మనిషి ఉండడు.

రాజపాళయం కుక్క కష్టం వేరు. పాలెగాళ్ల కోటలకు, రాజుల ఇళ్లకు కాపలా కాసిందనీ, ఆంగ్లేయుల గుర్రాల మీదికి దూకిందనీ దాని గురించి చెప్పుకుంటారు. పాలలాంటి తెల్లని ఒళ్లు, గులాబీరంగు ముక్కు ఉంటేనే మేలు జాతి అని కొనేవాళ్ల పట్టింపు. చిక్కంతా అక్కడే ఉంది. ఒంటి రంగునిచ్చే కణాలకు చెవి లోపల కూడా పని ఉంది. అవి లేని చోట వినికిడి నిలబడదు. అందుకే ఈ జాతిలో పుట్టుచెవుడు తరచుగా కనబడుతుంది. తెలిసినవాళ్లు పిల్లను కొనేముందు అది అటు తిరిగి ఉండగా వెనక నుంచి చప్పట్లు కొట్టి చూస్తారు. తక్కిన పిల్లలు తలలు తిప్పుతాయి, ఒకటి మాత్రం తన ఆటలో తానుంటుంది. ఆ కుక్క ఊళ్లో హాయిగా బతుకుతుంది. నగరంలో గేటు దాటితే మాత్రం వెనకనుంచి వచ్చే ఆటో హారనూ వినదు, ఏడుస్తూ పిలిచే ఇంటి పిల్లాడి గొంతూ వినదు. ముక్కు రంగుకోసం చెవులు పోగొట్టిన ఈ పట్టింపును పెంపకందార్లు, కొనుగోలుదార్లు కలిసే పోషించారు.

ఇక నగరం సంగతి. ఎవరిదో తెలియని కుక్కను ఏం చేయాలన్న ప్రశ్నకు మన నగరాలు చాలాకాలం ఒకటే జవాబిచ్చాయి. బొంబాయిలో ఎండలు ముదిరిన నెలల్లో వీధికుక్కల్ని చంపే నిబంధన 1813 నుంచీ ఉంది. 1832లో ఆ గడువును జూన్ మధ్యదాకా పొడిగించారు. కుక్కకు ఎనిమిదణాలు బహుమానం. డబ్బు ఆశకు కానిస్టేబుళ్లు వీధికుక్కనూ ఇంటికుక్కనూ ఒకే గాట కట్టేశారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు జూన్ 6న వాళ్ల మీద తిరగబడ్డారు, మర్నాడు బజార్లు మూతపడ్డాయి, కోటలోకి సరుకులు ఆగాయి. రెండేళ్లకు జంషెట్జీ జీజీభాయ్ వంటివాళ్లు పూనుకుని బొంబాయి పింజ్రాపోల్ అనే జంతుశరణాలయాన్ని నెలకొల్పారు. భారతదేశంలో కుక్కల కోసం నగరం స్తంభించిన మొదటి సందర్భం బహుశా అదే.

1860 అన్న సంవత్సరం రెండు నగరాల్లో రెండు రకాలుగా గడిచింది. లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్బీ అనే ఆవిడ తప్పిపోయిన, తిండిలేని కుక్కలకు ఒక ఆశ్రయం తెరిచింది. పత్రికలు మొదట ఎగతాళి చేశాయి. చార్లెస్ డికెన్స్ నడిపే పత్రిక 1862లో మెచ్చుకుంటూ రాశాక ఆ నవ్వు తగ్గింది. 1871లో ఆ ఆశ్రయం బాటర్సీకి మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అదే 1860లో మద్రాసు కార్పొరేషన్ కుక్కల్ని పట్టి చంపడం మొదలుపెట్టింది. పిచ్చికుక్క భయం తక్కువదేమీ కాదు. పాశ్చర్ టీకా 1885లో గానీ రాలేదు, దక్షిణాదికి కూనూరులో పాశ్చర్ సంస్థ వచ్చింది 1907లో. అయినా భయం తగ్గాక కూడా కుక్కల బండి ఆగలేదు. జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ వాళ్ల లెక్క ప్రకారం 1996 నాటికి మద్రాసులో రోజుకు 135 కుక్కల్ని చంపేవారు. ఆ తోళ్లతో నెక్‌టైలు, పర్సులు చేయవచ్చునని అక్కడి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నమూనాలు కూడా తయారుచేసింది. అప్పట్లో పెంపుడు కుక్కకు దిక్కు మెడలోని మునిసిపల్ బిళ్ల. పట్టీ తెగి బిళ్ల ఎక్కడో పడిపోయిన మరుక్షణం అది ఎవరిదీ కాదు. యజమాని కుక్కల దొడ్డికి చేరేసరికి పని అయిపోయి ఉండేది.

మద్రాసులో కుక్కల బండి తిరుగుతున్న ఆ కాలంలోనే విరుదునగరం వైపు తిరుచ్చులిలో పుట్టిన ఒక కుర్రాడు కుక్కల్ని మరోలా చూశాడు. ప్లీడరు సుందరమయ్యరు కొడుకు వేంకటరామన్ 1879 డిసెంబరు 30న అక్కడ పుట్టాడు. 1896 ఆగస్టులో మదురైలోని పినతండ్రి ఇంటినుంచి, నాకోసం వెతకవద్దు, డబ్బు ఖర్చు పెట్టవద్దు అని చీటీ రాసిపెట్టి తిరువణ్ణామలైకి బయలుదేరాడు. ఇంట్లోవాళ్లు వెతికారు, ఆచూకీ దొరకడానికి రెండేళ్లు పట్టింది. రమణ మహర్షిగా పేరుపొందిన ఆయన చుట్టూ కొండ మీద కుక్కలు చేరాయి. వాటిని ‘అది’ అనేవాడు కాదు. పిల్లలకు అన్నం పెట్టారా అని అడిగితే ఆ పిల్లలు కుక్కలని ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆ కొండ మీది స్కందాశ్రమానికి కమల అనే కుక్కపిల్ల వచ్చినప్పుడు, ఏటా ఈని ఆశ్రమం నింపేస్తుందని భక్తులు తరిమేయబోయారు. అది కదల్లేదు. తర్వాత కొత్తవాళ్లెవరైనా వస్తే, కమలా, వీళ్లకు చుట్టుపక్కల చూపించు అని ఆయన అనేవాడట. ఒక్కో గుడికీ, ఒక్కో తీర్థానికీ దారి చూపి మళ్లీ తీసుకొచ్చేది. తెలియని చోట దారి తప్పే మనుషులకు కుక్క తోడు వెళ్లిందక్కడ. 1945 నుంచి ఆశ్రమ జీవితాన్ని తెలుగులో ఉత్తరాలుగా రాసిన సూరి నాగమ్మ పుణ్యమా అని అక్కడి ఆవు లక్ష్మి గురించి తెలుగువాళ్లకు బాగా తెలుసు. లక్ష్మి సమాధి దగ్గరే జాకీ అనే కుక్క సమాధి కూడా ఉంది.

మద్రాసు పేరు చెన్నైగా మారిన 1996లోనే కుక్కల కథ కూడా మలుపు తిరిగింది. చంపితే తగ్గవు, ఆపరేషన్ చేసి టీకా వేసి వదలాలి అని బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1964 నుంచీ మొత్తుకుంటోంది. కార్పొరేషన్ చివరికి ఒప్పుకుంది. 2001లో అదే దేశమంతటికీ నియమమైంది, 2023లో ఆ నియమాలను తిరగరాశారు. పట్టిన కుక్కను పట్టిన చోటే వదలాలన్నది అందులో గట్టి షరతు. పరాయి పేటలో దింపితే వీధికుక్క కూడా తప్పిపోయిన కుక్కే మరి. అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు, అన్నం పెట్టే ముసలమ్మ ఇల్లు దానికి తెలియదు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, పదకొండు రోజుల్లోనే ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ కరిచేవీ తప్ప తక్కినవాటిని టీకా వేసి తిరిగి వదలమంది. నవంబరులో మళ్లీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని అక్కడ తిరిగి వదలవద్దంది. వాదన అక్కడితో తెగలేదు.

ఈలోగా విరుదునగరం కుక్కలకు కొత్త హోదా వచ్చింది. 2005 జనవరి 9న తపాలాశాఖ నాలుగు దేశీ జాతుల బిళ్లలు విడుదల చేస్తే అందులో రాజపాళయం ఒకటి. పశు జన్యువనరుల జాతీయ బ్యూరో తొలిసారి కుక్కలకు జాతి గుర్తింపు ఇచ్చినప్పుడు ముధోల్‌తోబాటు రాజపాళయం, చిప్పిపారై ఉన్నాయి. 2020 ఆగస్టు 30న ప్రధాని రేడియోలో వీటి పేర్లు చెప్పాక నగరాల నుంచి బేరాలు పెరిగాయి. రచయిత థియొడోర్ భాస్కరన్ లాంటివాళ్లు దేశీ కుక్కల మీద ఏళ్లతరబడి రాసినదానికి ఫలితం దక్కిందనే చెప్పాలి. కానీ మైదానంలో పుట్టిన కుక్క రెండు బెడ్‌రూముల ఇంట్లో ఉదయం పావుగంట నడకతో ఊరుకోదని కొన్నవాళ్లకు కొన్నాకనే తెలుస్తుంది. ‘తప్పిపోయింది’ అన్న మాట కింద వదిలేసినవి కూడా కొన్ని ఉంటాయి.

మెడలోని మునిసిపల్ బిళ్ల స్థానంలో ఇప్పుడు చిప్పు వచ్చింది. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కలకు లైసెన్సునూ మైక్రోచిప్పునూ తప్పనిసరి చేసింది, లేకపోతే 5,000 రూపాయల జరిమానా అంది. బియ్యపు గింజంత గాజు గొట్టం. సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. బ్యాటరీ ఉండదు. చదివే యంత్రాన్ని దగ్గరికి తెస్తేనే పదిహేనంకెల నంబరు చెబుతుంది. కుక్క ఎక్కడుందో ఫోనులో చూపిస్తుందని చాలామంది అనుకుంటారు, చూపించదు. ఎవరో ఒకరు ముందు కుక్కను పట్టుకోవాలి. ఆ పట్టుకునేది సాధారణంగా వాచ్‌మనో, ఇస్త్రీ బండివాడో, తెల్లవారుజామున ఊడ్చే మునిసిపల్ మనిషో. వాళ్లకు ఆ కుక్క తెలిసి ఉంటే యంత్రంతో పని లేదు. తెలియకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి నంబరు చదివించాలి. ఆ నంబరు పక్కన రాసిన ఫోనుకు కాల్ వెళుతుంది. ఇల్లు మారినా సిమ్ము మార్చినా కార్పొరేషన్ వాళ్ల దగ్గర ఆ వివరాలు దిద్దించుకోవలసినది యజమానే.