మాండలిన్ పిక్: మందం, మొన, పదార్థం నాదాన్ని ఎలా మారుస్తాయి?

మాండలిన్ కీచుగా పలుకుతున్నదనీ, పాట కంటే తీగల చప్పుడే ఎక్కువగా వినిపిస్తున్నదనీ ఇంట్లో అనిపించినప్పుడు చాలామంది వాద్యాన్ని తప్పుపడతారు. లేదా నేర్చుకుంటున్న పిల్లల చేతిని తప్పుపడతారు. ఖర్చు భరించలేని కుటుంబంలో ఆ మాటతోనే చదువు ఆగినట్లు సంగీతమూ ఆగిపోతుంది. అయితే తీగను తాకేది వేలు కాదు, వేళ్ల మధ్య పట్టుకున్న పిక్. వాద్యం మార్చే ముందు, పిల్లలను మాన్పించే ముందు మార్చి చూడవలసినది ఆ చిన్న బిళ్ళనే. అది కొద్ది రూపాయల వస్తువు.

పిక్ పాత్ర ఎందుకింత పెద్దది?

వీణను వేలితో, గోటితో మీటుతారు. సితారుకు వేలికి తొడిగే మిజ్రాబ్ ఉంటుంది. సరోద్‌ను కొబ్బరి చిప్పతో చేసిన జవాతో వాయిస్తారు. మాండలిన్‌కు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకునే పిక్ కావాలి.

సాధారణ మాండలిన్‌కు 8 ఉక్కు తీగలు, 4 జంటలుగా ఉంటాయి. ఒక్కొక్క జంటలో రెండు తీగలూ ఒకే శ్రుతిలో పలుకుతాయి. తీగ పలికే నిడివి సుమారు 35 సెంటీమీటర్లు మాత్రమే. అన్నింటికంటే సన్నని తీగ మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఇంత పొట్టి తీగలో నాదం త్వరగా ఆరిపోతుంది. కాబట్టి తీగను తాకిన తొలి క్షణమే మన చెవికి ఎక్కువగా అందుతుంది. ఆ క్షణం పిక్‌ది.

మీటిన ప్రతి తీగా ఒక మూలస్వరాన్నీ, దానితోపాటు దానిపైన ఎన్నో సన్నని అతిస్వరాలనూ పలుకుతుంది. మూలస్వరం బలంగా ఉంటే నాదం నిండుగా ఉంటుంది. అతిస్వరాలు పెరిగితే నాదం మెరుస్తుంది, మరీ పెరిగితే కీచుమంటుంది. ఈ పాళ్లను మార్చేవి పిక్ మందం, మొన, పదార్థం.

మందం

*పలుచనివి (0.5 నుంచి 0.7 మిల్లీమీటర్లు):* తీగకు తగలగానే వంగుతాయి. తీగకు చేరవలసిన బలంలో కొంత ఆ వంపులోనే పోతుంది. టపటపమనే చప్పుడు వినిపిస్తుంది, మూలస్వరం పలచబడుతుంది. పాటకు వెనుక తాళంగా అన్ని తీగలనూ ఒక్కసారి మీటడానికి ఇవి పనికివస్తాయి.

*మధ్యమమైనవి (0.8 నుంచి 1 మిల్లీమీటరు):* కొంచెం వంగుతాయి, పట్టు చిక్కుతుంది. నేర్చుకునే పిల్లలకు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

*మందమైనవి (1.2 మిల్లీమీటర్లు, ఆపైన):* వంగవు. తీగను పూర్తిగా నెట్టి విడుస్తాయి. నాదం గుండ్రంగా, నిండుగా, దూరం వినిపించేలా వస్తుంది. అయితే వీటిని గట్టిగా బిగించి పట్టుకుంటే తీగకు అడ్డుపడి చెయ్యి ఆగుతుంది. జారిపోనంత పట్టు చాలు.

మొన, అంచు

సూదిగా ఉన్న మొన తీగను చాలా ఇరుకైన చోట తాకుతుంది. అందువల్ల అతిస్వరాలు ఎక్కువగా లేస్తాయి. గుండ్రని మొన తాకే చోటు వెడల్పు కాబట్టి స్వరం మెత్తబడుతుంది. దీనిని తెలుసుకోవడానికి మరో పిక్ కొనవలసిన పని లేదు. మూడు మూలలున్న మామూలు పిక్‌లో ఒక మూల వాడిగానూ, తక్కిన రెండూ గుండ్రంగానూ ఉంటాయి. పిక్‌ను తిప్పి గుండ్రని మూలతో మీటితే తేడా వెంటనే తెలుస్తుంది.

అరిగిన పిక్ అంచున గరుకు ఏర్పడుతుంది. ఉక్కు తీగపై ఆ గరుకు రాచుకొని బరబరమనే చప్పుడు వస్తుంది. సన్నని గరుకు కాగితంతో అంచును సాఫు చేసి, ముతక గుడ్డపై రుద్ది నునుపు చేస్తే చాలావరకు తగ్గుతుంది.

పదార్థం

18వ శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్‌లో మాండలిన్‌ను పక్షి ఈక కాడతో వాయించేవారు. తరువాత హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేలు పెంకు వాడుకలోకి వచ్చింది. ఆ జాతి క్షీణించడంతో అంతర్జాతీయ వ్యాపారాన్ని 1970లలో నిషేధించారు. మన దేశంలో సముద్ర తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణగా ఉంది. గంజాం తీరంలో రుషికుల్యా నది ముఖద్వారం వద్ద గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేరే జాతి. వాటికీ అదే చట్టం వర్తిస్తుంది. తీరాన దొరికిన ఏ తాబేలు పెంకునూ ఇంటికి తేరాదు.

1922 నుంచి న్యూయార్క్‌లో లూయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ పిక్‌లు తయారుచేయడంతో అవి ప్రపంచమంతా వ్యాపించాయి. సెల్యులాయిడ్ స్పష్టమైన, మెరుపున్న నాదాన్నిస్తుంది. అయితే ఇది చురుకుగా అంటుకునే పదార్థం. భజనలో దీపం పక్కన, హారతి పళ్లెం దగ్గర పెట్టరాదు. నైలాన్ మెత్తనిది. దానితో నాదం మృదువుగా వస్తుంది, పలుచని నైలాన్‌తో కొంచెం మందగిస్తుంది.

మన ప్రాంతానికి దగ్గరైన పదార్థం మరొకటి ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు పొందింది. పశువు కొమ్ము, మన గోరు, తాబేలు పెంకు మూడింటిలోనూ ఉండేది కెరటిన్ అనే ఒకే జాతి పదార్థం. కాబట్టి విరిగిన కొమ్ము దువ్వెన ముక్కను ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, మొనను గుండ్రంగా చేసి నునుపు పెడితే గట్టి పిక్ తయారవుతుంది. కొబ్బరి చిప్పనూ ఇలాగే మలచవచ్చు.

కర్ణాటక సంగీతం వాయించేవారికి

1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో తొలి కచేరీ చేశారు. 2014 సెప్టెంబరు 19న ఆయన చెన్నైలో కన్నుమూశారు. జంట తీగలను వదిలి, విద్యుత్ మాండలిన్‌పై 5 ఒంటి తీగలను వాడారు. దానివల్ల ఒక్క మీటుతో వచ్చిన నాదం ఎక్కువసేపు నిలిచి, గమకాలకు చోటు దొరికింది.

సాధారణ మాండలిన్‌లో నాదాన్ని నిలపడానికి పిక్‌ను కిందికీ పైకీ వేగంగా ఆడించాలి. అప్పుడు వాడి మొన ప్రతి తాకిడికీ టక్కుమంటుంది. గుండ్రని, మందమైన పిక్ జారుతూ సాగుతుంది. విద్యుత్ మాండలిన్ వాయించేవారికి మరొక జాగ్రత్త: మీటులోని పదును కూడా స్పీకరులో పెద్దదవుతుంది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష

1. ముందుగా తీగలను శ్రుతి చేయాలి. శ్రుతి తప్పిన జంటలకు ఏ పిక్కూ మందు కాదు.
2. పలుచనిది, మధ్యమమైనది, మందమైనది మూడు పిక్‌లు తీసుకోవాలి.
3. ఒకే సరళీ వరుసను, ఒకే వేగంతో, ఒకే చోట మీటుతూ మూడింటితో వాయించాలి.
4. పెద్దలొకరు వెనుదిరిగి కూర్చొని, ఏ పిక్ అన్నది తెలియకుండా, నచ్చిన వరుసను పుస్తకంలో రాయాలి.
5. మరొకరు పక్క గదిలో నుంచి వినాలి. వాయించేవారి చెవికి ఇంపైనది దూరానికి అందకపోవచ్చు.
6. అదే పరీక్షను గుండ్రని మూలతో మళ్లీ చేయాలి.

లోపం, సవరణ

*కీచు ఎక్కువైతే:* గుండ్రని మొన వాడాలి. తీగలను మోసే బ్రిడ్జికి దూరంగా, మెట్ల వైపు జరిపి మీటాలి.

*నాదం మొద్దుబారితే:* కొంచెం వాడి మొన తీసుకోవాలి, బ్రిడ్జి వైపు జరగాలి.

*ఢోలకు మధ్య వినిపించకపోతే:* మందం పెంచాలి.

*పిక్ చేతిలో తిరిగిపోతే:* చిన్న చేతికి కాస్త పెద్ద పిక్ ఇవ్వాలి.

తీగ అనే మాటకు ఒడియాలో తార అంటారు. పిక్‌ను మాత్రం రెండు భాషలవారూ పిక్ అనే అడుగుతారు. దుకాణానికి వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకువెళ్లాలి. మిల్లీమీటర్ల అంకె సాధారణంగా పిక్ మీదే ముద్రించి ఉంటుంది. ఆ అంకెను వారిచేతనే చదివించి, వేర్వేరు మందాలవి మూడు కొనాలి. ఇంటికి వచ్చాక ఏది ఉంచుకోవాలో వారి చెవినే తేల్చనివ్వాలి.