నోటికంటే ముందు వేలు



మూత్రానికి వెళ్లడాన్ని మన తెలుగువాళ్లం మర్యాదగా ‘ఒంటేలు’ అంటాం కదండీ. విడదీసి చూడండి, ఒంటి వేలు. బడిలో పిల్లవాడు లేచి అయ్యవారికి చూపించిన ఒక్క వేలే మాటగా మారి పెద్దల నోట కూడా నిలిచిపోయింది.

ఆ వేలు విలువ నాకు ఒక నాలుగేళ్ల పాప నేర్పింది. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. రాయగడ వైపు ఒక పల్లె బడి. అంగన్‌వాడీ పిల్లలు కూడా మా ఒకటో తరగతి గదిలోనే కూర్చునేవారు. నేను ఒడియాలో చెప్పేదాన్ని, విసుగొస్తే తెలుగు దొర్లేది. ఆ పాపకు కువి తప్ప మరొకటి రాదు. ఒక ఉదయం లేచి నిలబడి ఏదో అడిగింది. నాకు అర్థం కాక కూర్చోమన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ కూర్చోమన్నాను. కాసేపటికి చాప తడిసింది. పిల్లలందరూ నవ్వారు. వారం రోజులు ఆ పాప బడికి రాలేదు. తప్పు నాదే.

మన గదుల్లో ఇన్ని భాషలు ఎందుకున్నాయో మీకు తెలియనిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లా అయింది. ఎల్లలు మారినా ఇళ్లలో మాటలు మారలేదు. కచేరీలో ఒడియా, సంతలో తెలుగు, కొండమీద కువి, జయపురం వైపు దేశియా. కువి, తెలుగు రెండూ ద్రావిడ భాషలే గాని, నాలుగేళ్ల పిల్లకు ఆ చుట్టరికం అక్కరకు రాదు.

వినికిడి బాగున్న పసివాళ్లకు సైగలు నేర్పడం మీద అమెరికాలో పెద్ద పరిశోధనే జరిగింది. లిండా ఆక్రెడోలో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలి కూతురు ఏడాది వయసులో ‘పువ్వు’ అనలేక, వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చి చూపేదట. ఆమె, సుసాన్ గుడ్విన్ 1980లలో ఈ సంగతిని పరిశీలించి 1996లో పుస్తకం రాశారు. ‘ఇంకా’, ‘పాలు’, ‘అయిపోయింది’ వంటి సైగలు శిశువిహారాలకు పాకాయి. వాటిలో చాలా భాగం అక్కడి బధిరుల భాష నుంచి తెచ్చుకున్నవే. అది ఉత్త సైగల మూట కాదు, వ్యాకరణమున్న పూర్తి భాష. మన దేశంలోనూ భారతీయ సంజ్ఞా భాషకు 2015లో ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన కేంద్రం వెలిసింది. పసివాళ్లకు సైగలు నేర్పితే తెలివి పెరుగుతుందని కొందరు ప్రచారం చేశారు గాని, దానికి గట్టి రుజువు దొరకలేదు. పెరగకపోతే పోనివ్వండి. ఆకలి, దాహం, ఒంటేలు చెప్పుకోగలిగితే మా గదికి అదే పదివేలు.

అయితే సైగ దొరికింది కదా అని పిల్లల భాష నేర్చుకోవడం మానేస్తే అన్యాయం. ఒడిశాలో 2006 నుంచి కువి సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలైంది. నాకా పుస్తకాలకంటే ముందు ఆ పాపే గురువు.

తిరిగి వచ్చిన రోజున చిటికెన వేలు ఎత్తి, తలుపు వైపు చూపించాను. తేరిపార చూసి ఊరుకుంది. మధ్యాహ్నం తనే వేలెత్తింది. పరుగున వెళ్లి తలుపు తీశాను. వచ్చాక దాన్ని కువిలో ఏమంటారో సైగతోనే అడిగాను. చెప్పింది. నేను పలికితే తల అడ్డంగా ఊపింది. మూడోసారికి కూడా తప్పే పలికానేమో, పకపకా నవ్వింది.