కొల్లేటి గూడబాతులు: లెక్కకూ రక్షణకూ నడుమ అర్ధశతాబ్ది

వ్యాససంగ్రహం

పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని గూడబాతుల స్థావరం 1946లో పక్షిశాస్త్ర లోకానికి తెలిసింది. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయింది. ఆ పక్షులకు ఆహారమిచ్చిన కొల్లేరు 1999లో గానీ అభయారణ్యం కాలేదు. లెక్క ముందు, రక్షణ తర్వాత అన్న క్రమం ఇక్కడ సాఫీగా సాగకపోవడానికి కారణం కేవలం ఆలస్యం కాదని, లెక్కించిన స్థలమూ రక్షించిన స్థలమూ వేరు కావడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కొల్లేరు, గూడబాతు, ఆరేడు, ఆటపాక, కాంటూరు, అభయారణ్యం, పక్షిగణన.

1. ఉపోద్ఘాతం

వన్యప్రాణుల సంఖ్యను లెక్కించడం సంరక్షణకు తొలిమెట్టు అని సాధారణంగా భావిస్తారు. ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఎన్ని తగ్గాయో తెలుస్తుంది, తగ్గుదల తెలిస్తే నివారణ మొదలవుతుంది. ఈ వరుస తార్కికంగా సరైనదే. అయితే గోదావరి డెల్టా చరిత్ర దీనిని పూర్తిగా సమర్థించదు. లెక్క ఒకచోట, ఒక కాలంలో జరిగింది. చట్టపరమైన రక్షణ మరొకచోట, మరొక కాలంలో వచ్చింది. ఈ రెంటి మధ్య 53 ఏళ్ల వ్యవధిలో నేల, నీరు, జీవనోపాధి అన్నీ మారిపోయాయి.

తెలుగులో గూడబాతు అనే పేరున్న పెలికాన్ పక్షి పొడవైన ముక్కు కింద వేలాడే సంచితో చేపలు పడుతుంది. పొలానికి నీరెత్తే గూడను ఆ సంచి తలపిస్తుంది. కొల్లేటి పరిసరాల్లో గూళ్లు కట్టేది ముక్కుపై చుక్కలుండే జాతి. దీని శాస్త్రీయ నామం పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ఈ పక్షి చెట్లపై గుంపుగా గూళ్లు కట్టుకొని, లోతులేని విశాల జలాల్లో మేతకు వెళుతుంది. కనుక దాని జీవితం గూటిచెట్టు, మేతనీరు అనే రెండు స్థలాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలోని చర్చకంతటికీ మూలం ఈ జీవలక్షణమే.

2. ఆరేడు: 1946

గూడబాతులు మనుషుల మధ్య గూళ్లు కట్టుకోవడం దక్షిణ భారతంలో కొత్త విషయం కాదు. 19వ శతాబ్ది పక్షిశాస్త్రవేత్త టి.సి. జెర్డాన్ కర్ణాటక ప్రాంతపు గ్రామం నడిబొడ్డున, పొట్టి చెట్లపై, చిరకాలంగా కొనసాగుతున్న అటువంటి స్థావరాన్ని చూసినట్లు నమోదు చేశాడు. బర్మాలోని సిట్టాంగ్ మైదానంలో ఇ.డబ్ల్యు. ఓట్స్ 1877లో చూసిన మహా స్థావరాలు 20వ శతాబ్ది మధ్యకాలానికి అంతరించాయి. ఈ నేపథ్యంలో 1946లో ఆరేడు స్థావరం వెలుగులోకి రావడానికి ప్రాంతీయ పరిధిని మించిన ప్రాముఖ్యం ఉంది.

దీనిని గుర్తించినవాడు కె.కె. నీలకంఠన్ (1923–1992). తర్వాతి కాలంలో 'ఇందుచూడన్' అనే కలంపేరుతో, కేరళ పక్షులపై మలయాళంలో 1958లో వెలువడిన ప్రామాణిక గ్రంథంతో ప్రసిద్ధుడయ్యాడు. ఆరేడులో ఆయన చూసిన స్థావరంలో దాదాపు 3000 పక్షులు గూళ్లు కట్టాయి. ఈ పరిశీలన 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

ఆరేడు అడవి కాదు, సాగుభూముల నడుమ ఉన్న ఊరు. అన్ని వేల పక్షులు జనావాసాల్లో గూళ్లు కట్టుకోవడానికి రెండు ఏర్పాట్లు అవసరం. ఒకటి చెట్లను, పక్షులను ఊరివారు సహించడం. రెండవది చేరువలో సమృద్ధిగా మేత దొరకడం. మొదటిది ఆచారం వల్ల, రెండవది కొల్లేరు వల్ల సాధ్యమయ్యాయి. ప్రభుత్వ శాసనానికి ఈ రెంటిలోనూ పాత్ర లేదు. అందుచేత ఈ ఏర్పాట్లలో ఏది చెడినా అడ్డుకోగల వ్యవస్థ కూడా లేదు.

3. మారిన నీరు, మారిన నేల

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దీనిలో కలుస్తాయి. ఉప్పుటేరు దీని నీటిని సముద్రానికి చేరుస్తుంది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య నిర్మితమైన ఆనకట్ట, తరువాత బెజవాడ వద్ద పూర్తయిన కృష్ణా ఆనకట్ట ఈ పల్లపు భూముల జలవ్యవస్థను మార్చివేశాయి. కాలువలతో మాగాణి విస్తరించింది. పొలాల మురుగునీరు కొల్లేటికి చేరసాగింది. డెల్టా సంపన్నతకు కొల్లేరు చెల్లించిన మూల్యం ఇక్కడే మొదలైంది. అయినా వర్షాకాలంలో నిండి వేసవిలో తగ్గే సరస్సు స్వభావం 20వ శతాబ్ది మధ్య వరకు నిలిచింది. ఆరేడు పక్షులకు మేత దొరికింది ఆ సరస్సులోనే.

నిర్ణాయకమైన మార్పు 1970లలో వచ్చింది. మత్స్యకారుల ఆదాయం పెంచే ఉద్దేశంతో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా సరస్సు గర్భంలో చేపల చెరువుల తవ్వకాన్ని ప్రోత్సహించింది. సంకల్పం సంక్షేమం. ఫలితం వేరు. పెట్టుబడిదారులు ప్రవేశించారు, కౌలు ఒప్పందాలు పెరిగాయి, గట్లు విస్తరించాయి. ఉమ్మడి జలంగా ఉన్నది విడివిడి చెరువులుగా మారింది. ఉమ్మడి సరస్సులో గూడబాతు పట్టే చేప ఎవరి సొత్తూ కాదు. సొంత చెరువులో పట్టే చేప నష్టంగా లెక్కలోకి వస్తుంది. పక్షికీ మనిషికీ మధ్య సంబంధం మారిన కీలకస్థానం ఇదే. అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' ఈ ఉమ్మడి జీవనం చెదిరిపోవడాన్నే వస్తువుగా తీసుకుంది.

ఆరేడు స్థావరం 1975 ప్రాంతంలో ఖాళీ కావడానికి కొల్లేటి పరిసరాల్లో విస్తరించిన చేపల పెంపకమే కారణమని పక్షిశాస్త్ర సాహిత్యం పేర్కొంటుంది. అయితే కాలక్రమాన్ని జాగ్రత్తగా చూడాలి. చెరువుల మహావిస్తరణ 1980, 1990 దశకాల్లో జరిగింది. పక్షులు దానికి ముందే వెళ్లిపోయాయి. అంటే వాటి నిష్క్రమణ ఆ విస్తరణకు ఫలితం అనడం కన్నా, రాబోయే మార్పుకు తొలి సూచన అనడం సమంజసం. ఆ సూచనను అందుకోవాలంటే గూళ్లను ఏటేటా లెక్కించే అలవాటు ఉండాలి. ఒక్కసారి తీసిన లెక్క స్థితిని చెబుతుంది, గతిని చెప్పదు.

4. రక్షణ రేఖలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని వెలుగులో 1976లో నెల్లూరు జిల్లా నేలపట్టు, 1978లో గోదావరి ముఖద్వారంలోని కోరింగ అభయారణ్యాలు అయ్యాయి. కొల్లేటి వంతు 1999 అక్టోబరులో వచ్చింది. సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటితమయ్యాయి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో కొల్లేరు 901 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించినపుడు సరస్సు విస్తీర్ణాన్ని 245 చదరపు కిలోమీటర్లుగా తీసుకుంది. అందులో 103 చదరపు కిలోమీటర్లను చేపల చెరువులు ఆక్రమించాయి. నిర్మలమైన నీటి విస్తీర్ణం ఆ చిత్రంలో కనిపించలేదు.

308, 901, 245 అనే మూడు సంఖ్యలూ ఒకే సరస్సుకు చెందినవి. ఒకటి పరిపాలన గీత, ఒకటి అంతర్జాతీయ గుర్తింపు, ఒకటి శాస్త్ర పరిశీలన. సరస్సు ఎంత అన్న ప్రశ్నకే ఏకాభిప్రాయం లేనిచోట, పక్షులు ఎన్ని అన్న ప్రశ్నకు వచ్చే జవాబులను పోల్చడం కష్టం. పైగా 2022లో ఏలూరు జిల్లా ఏర్పడేవరకు కొల్లేరు పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య విభజితమై ఉండేది.

సర్వోన్నత న్యాయస్థానం నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసుల నేపథ్యంలో 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చెరువుగట్లను కూల్చివేశారు. కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతులకు, చెరువులపై బతికిన మత్స్యకార కుటుంబాలకు ఇది పిడుగుపాటు. ప్రభుత్వమే ఒకనాడు తవ్వించిన చెరువులను ప్రభుత్వమే తొలగించిందన్న వారి వాదన చారిత్రకంగా కాదనలేనిది. సరిహద్దును +3 అడుగులకు కుదించాలని శాసనసభ 2008లో తీర్మానించింది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2010లో నియమించిన పి.ఎ. అజీజ్ కమిటీ ఆ కుదింపు తగదని అభిప్రాయపడింది.

ఈ వివాదమంతా నీటిమట్టపు రేఖ చుట్టూ తిరిగింది. గూటిచెట్టు ప్రస్తావన ఇందులో వెనుకబడింది. మేతనీటికి చట్టం వచ్చింది కానీ, ఆరేడు వంటి ఊరిచెట్లకు ఈ రేఖలో చోటులేదు.

5. ఆటపాక, కోరింగ: రెండు పోలికలు

గూడబాతులు కొల్లేటికి తిరిగి వచ్చాయి. కైకలూరు సమీపంలోని ఆటపాక నేడు వాటి ప్రధాన స్థావరం. అక్కడ చెట్లు చాలక, గూళ్ల కోసం అటవీశాఖ ఇనుప స్టాండ్లను నెలకొల్పింది. ఊరి చెట్టు నుంచి ఇనుప స్టాండుకు జరిగిన ఈ మార్పు పునరాగమనానికీ, కోల్పోయినదానికీ ఏకకాలంలో సాక్ష్యం. ప్రపంచస్థాయిలో ఈ జాతి కొంత కోలుకొని, 2007లో ముప్పు వర్గాల నుంచి 'ముప్పు సమీపించిన' వర్గానికి మారింది. జాతి కోలుకోవడమూ స్థలం కోలుకోవడమూ ఒకటి కావు.

డెల్టా రెండవ అంచున కోరింగ మడ అడవుల్లో క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ రక్షణ 1978లో వచ్చింది. నీటిపిల్లుల తొలి గణన 2018లో జరిగి, 115 ఉన్నట్లు అంచనా వేసింది. ఒంటిమచ్చల ఆధారంగా ఒక్కొక్క జంతువునూ గుర్తించే కెమెరా పద్ధతి అక్కడ ఉపయోగపడుతుంది. అయితే ఆ అంచనాను పోల్చడానికి 1978 నాటి లెక్క లేదు. కొల్లేటిలో రక్షణ లేని లెక్క, కోరింగలో లెక్క లేని రక్షణ.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో స్వచ్ఛంద పరిశీలకులతో సాగుతోంది. వరుస లెక్కలు ఇవ్వడం దీని బలం. నీటిపై ఉన్న పక్షులను ఇది లెక్కిస్తుంది కాబట్టి గూళ్ల సంఖ్య, పిల్లల మనుగడ తెలియాలంటే స్థావరాల వద్ద వేరే పరిశీలన అవసరం.

6. ముగింపు

ఆరేడును 1946లోనే అభయారణ్యం చేసి ఉంటే సమస్య తీరేదా అన్న ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. అభయారణ్యం అనే భావన ప్రజలు నివసించే ఊరికి సరిపడదు. ప్రైవేటు, ఉమ్మడి భూముల్లో ప్రజల భాగస్వామ్యంతో 'కమ్యూనిటీ రిజర్వు' ఏర్పాటుకు వీలుకల్పించిన సవరణ 2002లో గానీ రాలేదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు ఈ మార్గంలో గుర్తింపు పొందింది. గుంటూరు జిల్లా ఉప్పలపాడులో ఊరి చెరువు గూడబాతులకు ఆశ్రయమైంది. ఊరు కూడా వన్యప్రాణుల ఆవాసమేనన్న జెర్డాన్ కాలపు వాస్తవాన్ని చట్టం ఆలస్యంగా అంగీకరించింది.

కొల్లేటి అనుభవం నుంచి రెండు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, లెక్కకు విలువ దాని పరిమాణంలో కన్నా కొనసాగింపులో ఉంది. రెండవది, పక్షి జీవితం రెండు స్థలాల్లో నడిచినపుడు ఒక్క రేఖతో గీసిన రక్షణ అసంపూర్ణం. కాంటూరు +5 ఉండాలా, +3 ఉండాలా అన్న చర్చ నేటికీ డెల్టా రాజకీయాల్లో సజీవంగా ఉంది. ఆ చర్చలో నీటిమట్టంతోపాటు గూటిచెట్టుకూ, దానిని సహించే ఊరికీ, ఆ ఊరి బతుకుతెరువుకూ చోటు దక్కినపుడే ఆరేడు చరిత్ర నేర్పిన పాఠం వినియోగంలోకి వచ్చినట్లు.