పైత్యమా, వేవిళ్ళా?

ఉదయం లేవగానే కడుపులో తిప్పుతుంది, అన్నం వాసన గిట్టదు. తిన్నది అరగలేదని అల్లపురసం తెచ్చే అత్తగారొకరు, వేళ్ళమీద నెలలు లెక్కించే అమ్మమ్మ ఒకరు. ఈ సందేహం ప్రతి ఇంటికీ పరిచితమే. అయితే ఒకప్పుడు ఇదే సందేహం ఒక రాజభవనాన్ని కుదిపివేసింది. ఆ వృత్తాంతాన్ని శ్రోతలకు మనవి చేస్తున్నాము.

1813 నుండి 1823 వరకు మన దేశంలో గవర్నర్ జనరలుగా ఉండిన మార్క్విస్ హేస్టింగ్స్ కుమార్తె లేడీ ఫ్లోరా. ఆమె అవివాహిత, విక్టోరియా రాణి తల్లిగారి కొలువులో ఉండేది. 1839 జనవరిలో పక్కనొప్పితో, కడుపుబ్బుతో రాజవైద్యుడైన సర్ జేమ్స్ క్లార్కును ఆశ్రయించింది. ఆయన మందులిచ్చాడు గాని వ్యాధిని గుర్తించలేకపోయాడు. ఉబ్బిన కడుపును చూచి అంతఃపురం గుసగుసలాడింది. పందొమ్మిదేళ్ళ రాణి సైతం ఆ మాట నమ్మింది. తుదకు ఫిబ్రవరి 17న ఇద్దరు వైద్యులు పరీక్షించి, గర్భమని అనుమానించుటకు ఆధారం లేదని వ్రాసి ఇచ్చారు. రాణి క్షమాపణ చెప్పుకున్నది. కాని జులై 5న ఫ్లోరా కన్నుమూసింది. శవపరీక్షలో తేలినది కాలేయపు వాపు. వ్యాధి ఒకటి, నింద మరొకటి!

దోషమంతా వైద్యునిదే అనలేము. ఆనాటి శాస్త్రం చేతిలో సాధనం లేదు. స్టెతస్కోపుతో శిశువు గుండెచప్పుడు వినవచ్చునని 1820 ప్రాంతాల పారిస్ వైద్యులు కనుగొన్నా, అది నెలలు గడిచిన తరువాతి మాట. తొలి వారాల సందేహం తీర్చే మార్గం 1928లో గాని దొరకలేదు. బెర్లిన్‌లో ఆష్‌హైం, జోండెక్ అనే వైద్యులు స్త్రీ మూత్రాన్ని చిన్న చుంచెలుకలకు సూదిమందుగా ఎక్కించి, కొన్ని దినాల తరువాత వాటి అండాశయాలను పరిశీలించారు. గర్భిణి మూత్రమైతే అందులో మార్పు కనబడుతుంది. పిమ్మట కుందేళ్ళు, కప్పలు వచ్చాయి; 1960 నుండి జంతువులతో నిమిత్తం లేని పరీక్షలు, 1970ల చివర ఇంటిలోనే చేసుకునే పరీక్షలు వచ్చాయి. నేడు మన పల్లెలలో ఆశా కార్యకర్త సంచిలో సయితం ఆ చిన్న పట్టీ ఉంటున్నది.

కనుక గృహిణులకు మా విన్నపమిది. విరేచనాలు, జ్వరంతో వచ్చి రెండు మూడు దినాలలో తగ్గేది సామాన్యంగా అజీర్ణం, లేదా కలుషితాహార ఫలం. నెల తప్పిన తరువాత ఆరంభమై వారాల తరబడి విడవని వికారం వేవిళ్ళు కావచ్చు. లక్షణాలను మాత్రమే చూచి తేల్చుకోరాదు. నెల తప్పితే పరీక్ష చేయించాలి, అది తేలకముందు మందులు మింగరాదు. తీవ్రమైన కడుపునొప్పి గాని, రక్తస్రావం గాని కనబడితే క్షణం ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవాలి. పరీక్షలో గర్భం లేదని తేలి, కడుపుబ్బు తగ్గకున్నా అంతే. ఫ్లోరా విషయంలో గర్భమా కాదా అన్న తగవు తీరిందే గాని, ఆమె బాధ తీరలేదు. సందేహం తీరడం చికిత్సకు ప్రారంభం మాత్రమే.